వదిన కోసం కింది గది

బ్రెస్తోవ్యే,
2011 అక్టోబరు 12

వదినా,

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నాతో మాట్లాడేది మేక ఒక్కతే. అది కూడా మేత వేసేదాకానే.

ఫోన్ చేద్దామంటే నీకు సగం వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. మొన్న నేను "మేక దిగాలుగా ఉంది" అంటే, "మేకు దిగిందా, కాల్లోనా" అని కంగారుపడ్డావు. అందుకే ఉత్తరం. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఊరందరి ఉత్తరాల మీదా ముద్రలు గుద్దాను. నేను రాసుకోవలసినవి ఇప్పుడొచ్చాయి.

కాలు ఎలా ఉంది? తుంటి ఎముక అతుక్కోవడానికి చలికాలమంతా పడుతుందని ఆసుపత్రిలో చెప్పారు కదా, అంతదాకా సెజానాలో ఆ పెద్దవాళ్ళ భవనంలోనే ఉండు, నేను కాదనను. అక్కడ లిఫ్టు ఉంది, పిలిస్తే పలికే మనిషి ఉంది. కానీ తిండి ఏం పెడుతున్నారో రాయి. వాళ్ళ యోతా సూపులో క్యాబేజీ పులిసే ఉంటుందా, లేక వెనిగర్ పోసి పులిసిందనిపిస్తున్నారా?

ఇక్కడ పని మొదలుపెట్టాను. మేస్త్రీ ఎడీ వచ్చి చూశాడు. వంటింటి పక్కన అన్నయ్య పంది తొడలు ఆరగట్టే కింది గది ఉంది కదా, దాన్ని నీకు పడకగది చేయిస్తున్నాను. మూల గోడ పగలగొట్టి స్నానాలగది కూడా. నువ్వు జారిపడ్డ ఆ బయటి రాతిమెట్లు ఇక జన్మలో ఎక్కనక్కర్లేదు. అప్పుడే బూర్యా గాలి మొదలైంది, ఆ మెట్ల మీద నిలబడితే నన్నే ఎత్తుకుపోయేలా ఉంది. క్రిస్మస్‌లోగా అయిపోతుందంటున్నాడు ఎడీ. వాడి మాట నీటి మీద రాత అని నీకు తెలుసు. అందుకే రోజూ వాడి నెత్తిన కూర్చుంటున్నాను.

నవంబరు ఒకటిన, పోయినవాళ్ళకి పూలు పెట్టే రోజున, సమాధుల దగ్గరికి నువ్వు వస్తావు కాబట్టి అన్నయ్యకు తెల్ల చామంతులు చెప్పి ఉంచాను. ఎడీ వ్యాను పంపిస్తాను.

నీ ఆడపడుచు,
మిలోయ్కా

~

సెజానా,
2011 అక్టోబరు 23

మిలోయ్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నీ గొంతుతో చదివాను, అప్పుడు ఇంకా బాగుంది.

ఇక్కడ నాది రెండో అంతస్తు. ఒక గది, ఒక మూల పొయ్యి, సింకు, బయట కుర్చీ పట్టేంత బాల్కనీ. ఎదురుగా రైల్వే స్టేషను. మంచం పక్కన గోడకి ఎర్రతాడు ఒకటి వేలాడుతుంటే దీపం కోసమనుకుని మొదటిరోజు లాగాను. స్మిల్యా మెట్లన్నీ పరిగెత్తి వచ్చింది. ఆవిడే ఈ భవనంలో మా అందరి బాగోగులూ చూస్తుంది. యాభై ఏళ్ళుంటాయి. నేను దీపం వెలగలేదని ఫిర్యాదు చేస్తే, ఆయాసపడుతూనే వెళ్ళి స్విచ్చి నొక్కి చూపించింది.

పొద్దున్నే వచ్చి తలుపు తడుతుంది. రమ్మంటేనే లోపలికొస్తుంది. ఒకరోజు నేను పలకడం ఆలస్యమైతే బయటే నిలబడి, "అల్బీనా గారూ, తొందరేం లేదు" అంది. నాకేమో లేచి నిలబడి క్షమాపణ చెప్పాలనిపించింది.

పక్క గదిలో రూడీ అని రిటైరైన రైల్వే ఉద్యోగి. కళ్ళు సరిగా కనపడవు, కానీ చప్పుడు విని ఏ బండి ఎటు పోతోందో చెబుతాడు. నాకు చెవులు లేవు, ఆయనకు కళ్ళు లేవు. ఇద్దరం కలిసి బాల్కనీలో కూర్చుంటే ఒక మనిషి పెట్టు.

యోతా నేనే వండుకుంటున్నాను. మధ్యాహ్నం భోజనం కింద హాల్లో కావాలంటే తినొచ్చు, వద్దంటే మానొచ్చు.

కింది గది విషయంలో తొందరపడకు. చలికాలంలో సిమెంటు సరిగా ఆరదని నువ్వే అంటావు కదా. ఎడీని పీడించకు, వాడికీ వయసు మీద పడింది.

సమాధుల రోజుకు కాలు సహకరిస్తే వస్తాను. మాట ఇవ్వలేను.

అల్బీనా

~

బ్రెస్తోవ్యే,
2011 నవంబరు 4

వదినా,

రాలేదు నువ్వు. వ్యాను ఖాళీగా తిరిగొచ్చింది.

అన్నయ్య సమాధి దగ్గర నేనొక్కదాన్నే నిలబడ్డాను. ఊరంతా వచ్చి "అల్బీనా ఏది, అల్బీనా ఏది" అని అడగడమే. కాలు, కాలు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది. చివరికి చర్చి గంట కొట్టేవాడి పెళ్ళాం వచ్చి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి ఏమందో తెలుసా? "కాలు బాగానే ఉన్నట్టుందే. పోయిన వారం సెజానా బజార్లో చూశాను, కర్టెన్ల బట్ట బేరం చేస్తోంది. పక్కన ఎవరో పెద్దాయన సంచీ మోస్తున్నాడు."

కర్టెన్లా, వదినా? మూడు నెలల ముచ్చటకి కర్టెన్లు ఎవరైనా కుట్టించుకుంటారా? ఆ సంచీ మోసే కళ్ళులేని రైలాయనకి బట్ట రంగు ఎలా తెలిసిందో కూడా అడగాలనుకున్నాను, సమాధుల దగ్గర ఎందుకులే అని ఊరుకున్నాను.

నేను నిన్ను అనడం లేదు. నీ నోట్లో నాలుక లేదన్న సంగతి నాకంటే ఎవరికి తెలుసు? ఎవరేది ముందు పెడితే దానికి తలూపుతావు. ఆసుపత్రిలో మత్తుమందు దిగకముందే ఏవో కాగితాల మీద సంతకం పెట్టించుకుని ఉంటారు. ముసలివాళ్ళని పట్టుకెళ్ళి గదులు నింపుకోవడం వాళ్ళకి వ్యాపారం. నువ్వు భయపడకు. ఆ భవనం ఆఫీసుకి నేనే ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. మా వదినకి ఇల్లుంది, చూసుకునే మనిషుంది, మా మనిషిని మాకు పంపించండి అని.

స్నానాలగది గోడలు లేచాయి. గోడకి పట్టుకునే కడ్డీలు ఎంత ఎత్తులో పెట్టాలో తెలియక ఎడీ అడుగుతున్నాడు. నేను నీ ఎత్తు వంగి నడిచి చూపించాను. "నువ్వు వంగినా మీ వదినంత పొట్టి కావులే" అని నవ్వాడు. కొలత రాసి పంపు.

మిలోయ్కా

~

సెజానా,
2011 నవంబరు 16

మిలోయ్కా,

నువ్వు ఆఫీసుకి రాసిన ఉత్తరం స్మిల్యా నా గదికి తెచ్చి, తలుపు వేసి, చదివి వినిపించింది. "మా వదిన బందెలదొడ్డిలో కట్టేసిన పశువు కాదు" అన్నచోట ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. మర్యాదగా రాస్తేనే ఇలా ఉంటే, కోపంగా రాస్తే ఎలా ఉంటుందోనని అనుకున్నాం ఇద్దరం.

కానీ ఇక నవ్వుతూ దాటవేసే మాట కాదు. నీకు నేనే చెప్పాలి. ఎదురుగా ఉంటే చెప్పలేను, నీ మొహం చూస్తే నా మాట వెనక్కి పోతుంది. యాభై ఆరేళ్ళుగా అదే అలవాటు.

నాతో ఎవరూ సంతకం పెట్టించలేదు. సెప్టెంబరులో ఆసుపత్రి మంచం మీదే అడిగారు, ఇంటికి వెళ్తారా, ఇలాంటి చోటుందట, చూస్తారా అని. చూస్తానన్నాను. చలికాలానికి కాదు, మిలోయ్కా. ఉండిపోవడానికే. నువ్వు చలికాలం అనుకుంటే దిద్దలేదు. అది నా పిరికితనం.

ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఆ గడప దాటి లోపలికొచ్చాను. మీ అమ్మ ఆ రోజే చూపించింది, గిన్నెలు ఇక్కడ, ఉప్పు అక్కడ, దుప్పట్లు ఈ పెట్టెలో అని. పోయేదాకా ఆవిడ పద్ధతి ఆవిడది. తర్వాత తాళాలగుత్తి నీ నడుముకి వచ్చింది. నువ్వు లాక్కోలేదు, నేను అడగలేదు. మీ అన్నయ్య విక్తోర్ ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. విక్తోర్ పోయాక నువ్వు నాకు పూర్తి మొగుడివే అయ్యావు. ఈ మాటకి కోపం తెచ్చుకోకు, సగం సరదాకే అంటున్నాను.

నువ్వు నాకు చెడు చేశావని అనడం లేదు. నాకు న్యుమోనియా వచ్చినప్పుడు సెలవు పెట్టి పక్కనే కూర్చుని గంజి తాగించావు. నా చెవులు పోతున్నాయని నాకంటే ముందు నువ్వు కనిపెట్టావు. కానీ నా గది తలుపు నువ్వు ఎప్పుడూ తట్టలేదు. తోసుకుని వచ్చి కిటికీ తెరిచేదానివి. "గాలి రావాలి" అనేదానివి. గాలి రావాలో వద్దో నన్ను అడగాలని నీకు తోచలేదు. చెప్పాలని నాకూ తోచలేదు.

ఇక్కడ కర్టెన్లు నేను కొన్నాను. పసుపుపచ్చవి. బాగాలేవు. రూడీకి రంగు కనపడదు కాబట్టి బాగున్నాయన్నాడు. స్మిల్యా కాస్త తడబడి, వెలుతురు బాగా వస్తుందంది. అయినా పొద్దున్న లేచి వాటిని చూస్తే, నేను ఏరుకున్నవి కదా అనిపిస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ళకి ఇదేం బుద్ధి అని నవ్వుకో.

కడ్డీల కొలత పంపడం లేదు. ఎడీని ఆపెయ్యి.

నీ వదిన,
అల్బీనా

~

బ్రెస్తోవ్యే,
2011 నవంబరు 28

శ్రీమతి అల్బీనా గారికి,

మీ ఉత్తరం అందింది.

ఎడీ వ్యానులో మీ సామాను పంపిస్తున్నాను. రెండు ఉన్ని దుప్పట్లు, కుట్టుమిషను, మీ పుట్టింటి నుంచి వచ్చిన రాగి గిన్నె, చలికోటు, పెళ్ళి ఫొటో. ఇంకేమైనా మీవి ఉండిపోతే తెలియజేయండి. ఈ ఇంట్లో మీవి ఏవో, మావి ఏవో ఇన్నాళ్ళూ విడదీసి చూడకపోవడం వల్ల కొన్ని పొరపాటున ఉండిపోయి ఉండవచ్చు.

మీ గది కిటికీ మూసేశాను.

మిలోయ్కా

~

సెజానా,
2011 డిసెంబరు 9

మిలోయ్కా,

సామాను అందింది. ఎడీ అన్నీ పైకి మోసి, కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, నీ గురించి అడిగితే "పనిలో ఉంది" అన్నాడు. వాడికి అబద్ధం చేతకాదు.

నన్ను "మీరు" అన్నావు. నేను కొత్తకోడలిగా వచ్చిననాడు నీకు పదహారేళ్ళు. అందరిముందూ "వదినా, నువ్వు ఈత కొట్టగలవా" అని అడిగావు. వదినని నువ్వు అంటావా అని మీ అమ్మ కసిరింది. ఆవిడ చాటున నువ్వు నాలుక బయటపెట్టావు. ఆ ఇంట్లో నాకు మొదట దొరికిన మనిషివి నువ్వే. నా ఉత్తరంలో ఆ మాట రాయలేదు. కోపాలు గుర్తొచ్చినంత వరసగా మంచివి గుర్తురావు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం కింద హాల్లో అందరికీ భోజనం. బంధువులని పిలుచుకోవచ్చు. నేను నీ పేరిచ్చాను, నా పక్క కుర్చీ నీకని చెప్పాను. ఆ రాత్రికి ఉండిపోయేలా రా. మంచం నీకిచ్చి నేను సోఫా మీద పడుకుంటాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు, అక్కడికొచ్చాక కొట్లాడుకుందాం.

వదిన

~

సెజానా,
2011 డిసెంబరు 30

మిలోయ్కా,

కుర్చీ ఖాళీగా ఉంది. పండ్లూ తీపీ వచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు.

భోజనాలయ్యాక, గుమ్మం దగ్గర బల్ల మీద గుడ్డలో చుట్టిన అక్రోట్ల పొతిత్సా రొట్టె ఉందని, ఎవరిదో తెలియదని స్మిల్యా అందరినీ అడుగుతూ వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చునే అమ్మాయి చెప్పిందట, గోధుమరంగు కోటు, తలకి గుడ్డ కట్టుకున్న ఒకావిడ వచ్చి కాసేపు తలుపు అద్దంలోంచి చూసిందని. "ఎవరి తాలూకు అమ్మా" అని అడిగితే "ఎవరి తాలూకూ కాదు" అని వెళ్ళిపోయిందని.

ఒక్క ముక్క నోట్లో వేసుకున్నాను. అక్రోట్లు అంత బరకగా విసిరేది మన ఇంట్లోనే.

స్మిల్యా బస్టాండుదాకా వెళ్ళి చూసింది. బస్సు వెళ్ళిపోయిందట.

ఆ గుడ్డ ఉతికి ఉంచాను. ఎందుకు వెనక్కి వెళ్ళావో రాయి. తిట్టాలనుకుంటే తిట్టు. కానీ రాయి.

వదిన

~

బ్రెస్తోవ్యే,
2012 జనవరి 19

వదినా,

రాయకూడదనే అనుకున్నాను. పది రోజులుగా బూర్యా ఆగకుండా కొడుతోంది. బయటికి పోయే దారి లేదు, తిట్టడానికి మనిషి లేడు, చేతికి పని లేదు. అందుకని రాస్తున్నాను.

నేను వచ్చాను. లోపలికొచ్చి నీ పక్కన కూర్చోవాలనే వచ్చాను. కొత్త మేజోళ్ళు కూడా వేసుకున్నాను. తలుపు అద్దంలోంచి చూస్తే నువ్వు నవ్వుతున్నావు. ఆ రైలాయన ఏదో అన్నాడు, నువ్వు తల వెనక్కి వేసి, నోరంతా తెరిచి నవ్వుతున్నావు. మన ఇంట్లో నువ్వు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. పళ్ళు ఎగుడుదిగుడని సిగ్గు అనుకునేదాన్ని. బస్సులో దారంతా అదే ఆలోచించాను, అది పళ్ళ సిగ్గా, మా భయమా అని. ఆ పిల్ల ఎవరి తాలూకు అని అడిగినప్పుడు నోటికొచ్చింది అనేశాను. లోపలికొస్తే నీ చెయ్యి మళ్ళీ నోటికి అడ్డం పోతుందేమో అనిపించింది. అది నేను చూడలేను.

ఎడీ పని ఆపలేదు. నేను ఆపమనలేదు. గది పూర్తయింది. నేల మీద జారని పలకలు వేశాడు, కడ్డీలు నా అంచనాతోనే బిగించాడు. స్నానాలగదిలో వేడినీళ్ళు వస్తాయి. తెల్ల సున్నం వేసినా ఇంకా కాస్త పంది తొడల వాసన వస్తోంది, అది పోదు. తలుపు వేసి ఉంచాను. తాళం మాత్రం వేయలేదు.

నీ మీద నాకు కోపం పోలేదు. పోయినప్పుడు రాస్తాను.

మిలోయ్కా

~

సెజానా,
2012 ఫిబ్రవరి 7

మిలోయ్కా,

కోపం పోకపోయినా మళ్ళీ "నువ్వు" అన్నావు. అది చాలు.

రూడీ పోయాడు. కుర్చీలో కూర్చుని, కాఫీ పక్కన పెట్టుకుని పోయాడు. నేను గోడ మీద తడితే జవాబు రాలేదు. రోజూ పొద్దున్న మేం గోడ మీద తట్టుకునేవాళ్ళం, ఆయన తడితే నాకు వినిపించదు కానీ గోడ మీద చెయ్యి పెడితే తెలిసేది. నువ్వు ఆయన గురించి ఏమేమో అనుకున్నావు. మేం పేకాడుకున్నాం, అంతే. ఆయన మోసం చేసేవాడు, నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

ఇప్పుడు ఆయన గది ఖాళీ అయింది. నేను స్మిల్యాతో మాట్లాడాను. ఈ నెలాఖరుదాకా వేరేవాళ్ళకి ఇవ్వకుండా ఆపుతానంది. నువ్వు రా.

నువ్వు ఇప్పుడు గింజుకుంటావు, తెలుసు. నిదానంగా విను. నా పేచీ ఆ ఇంటితో. నీతో కాదు. నాకు ఇన్నాళ్ళూ ఆ రెండూ విడివిడిగా కనపడలేదు, నీకూ కనపడి ఉండవు. ఇక్కడ గోడకి అటు నువ్వుంటావు, ఇటు నేనుంటాను. నీ పొయ్యి నీది, నా పొయ్యి నాది. నేను నీ తలుపు తడతాను, నువ్వు రమ్మంటే వస్తాను. నువ్వూ అంతే. ఒకరోజు పడకపోతే తలుపు వేసుకుందాం, మర్నాడు తీసుకుందాం. నీకూ డెబ్బై మూడు వస్తాయి. ఆ రాతిమెట్లు నిన్ను మాత్రం వదిలిపెడతాయా?

చేతిరాత వంకరగా ఉందని నవ్వకు. చలికి వేళ్ళు చెప్పినట్టు వినడం లేదు.

వదిన

~

బ్రెస్తోవ్యే,
2012 ఫిబ్రవరి 15

వదినా,

చచ్చినవాడి కుర్చీ ఇంకా చల్లారకముందే ఆ గదిలోకి నన్ను రమ్మంటున్నావు. నీకు పేకాటకి జోడీ కావలసి వస్తే నేను గుర్తొచ్చానా? నాకు ఇల్లుంది. అదొక్కటే కాదు, ఎవరూ ఉండని గది కూడా ఒకటుంది.

మిలోయ్కా

~

బ్రెస్తోవ్యే,
2012 ఫిబ్రవరి 25

వదినా,

పోయిన ఉత్తరం పొయ్యిలో పడెయ్యి. పోస్టాఫీసులో పనిచేసినదాన్ని, వేసిన ఉత్తరం డబ్బాలోంచి తీయకూడదని తెలిసి కూడా, మర్నాడు వెళ్ళి తీసివ్వమని ఆ కుర్రాణ్ణి బతిమాలాను. టపా వ్యాను వెళ్ళిపోయిందన్నాడు.

ఆ తర్వాత జ్వరం పడ్డాను. మెట్ల మీద మంచు గడ్డకట్టింది, పైకి ఎక్కలేక కింది గదిలోనే, నీ కోసం వేయించిన మంచం మీదే పడుకున్నాను. మధ్యాహ్నం పూట కళ్ళు మూసుకుని ఉంటే ఏదో లోటుగా ఉంది, ఏమిటో తెలియలేదు. చాలాసేపటికి తెలిసింది. పైన ఎవరూ నడవడం లేదు. వంటింట్లో పనిచేసుకుంటూ ఎన్నేళ్ళు విన్నానో ఆ చప్పుడు, కిటికీ నుంచి పెట్టె దగ్గరికి, పెట్టె నుంచి మంచం దగ్గరికి. చెప్పులు ఈడ్చకు వదినా అని పైకి కేకలేసేదాన్ని. ఆ చప్పుడు ఉన్నంతకాలం అది ఇల్లు. ఇప్పుడిది నాలుగు రాతిగోడలు, వేడినీళ్ళు వచ్చే స్నానాలగది.

ఎడీకి మేకని ఇచ్చేస్తున్నాను. వాడి కూతురు పెళ్ళి చేసుకుని కాపురానికి ఇల్లు వెతుక్కుంటోంది, ఈ ఇంట్లో ఉండమన్నాను. కింది గది వాళ్ళకి పనికొస్తుంది. ఆ పిల్ల నెల తప్పింది.

దరఖాస్తు స్మిల్యాకి వేరే కవరులో పంపాను. ఇంటి పనులు తేల్చుకుని మార్చి ఇరవయ్యో తారీఖున వస్తాను. నా కర్టెన్లు నేనే కొనుక్కుంటాను, నువ్వు ముట్టుకోవద్దు. ఒప్పుకున్నానని ఎగిరిపడకు. రెండు ముక్కలు జవాబు రాయి, చాలు.

మిలోయ్కా

~

సెజానా,
2012 ఏప్రిల్ 3

వదినా,

ఈ ఉత్తరం నీకు ఎవరు చదివి వినిపిస్తారో తెలియదు. ఎవరు చదివినా గట్టిగా, నిదానంగా, ఎడమచెవి దగ్గర చదవమని పైన రాశాను.

నేను నీ పక్క గదిలో ఉన్నాను. నువ్వు లేవు.

నువ్వు జవాబు రాయకపోతే అలిగావనుకున్నాను. ఆ చచ్చినవాడి కుర్చీ మాట నీకు తగిలింది, తగలనీ, వెళ్ళాక నేనే సర్దిచెప్పుకుంటానని అనుకున్నాను. ఫిబ్రవరి ఆఖర్లోనే నీకు పక్షవాతం వచ్చిందని, స్మిల్యా తలుపు తట్టి, పలకకపోతే తన తాళంచెవితో తెరిచి చూసిందని నాకు ఎలా తెలుస్తుంది? ఆవిడ ఫోన్ చేసిందట. నేను మేకతో ఎడీ ఇంటికి పోయాను, వాడి కూతురికి గిన్నెలు సర్దుతున్నాను. ఎప్పుడు మోగిందో ఆ ఫోను. తర్వాత నా దరఖాస్తు చేరింది కాబట్టి సంగతి నాకు తెలిసే వస్తున్నానని ఆవిడ అనుకుంది.

పెట్టెలు దింపాను. నీ తలుపు తట్టాను. నువ్వు చెప్పినట్టే తట్టి నిలబడ్డాను, తొయ్యలేదు. లోపల్నుంచి ఎవరో పెయింటరు వచ్చాడు.

స్మిల్యా నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఇక్కడ తమ పని తాము చేసుకోగలిగినవాళ్ళే ఉండాలట. లేచి నడవలేనివాళ్ళని మంచం పక్కన నర్సు ఉండేచోటికి పంపాలట, అది పోస్తోయ్నాలో దొరికిందట. "ఆవిడ గదిని ఆపాలని చూశాను, మిలోయ్కా గారూ, నా చేతిలో లేదు" అంది. ఆవిడ ఏడ్చింది. నేను ఏడవలేదు. నేను ఆవిడ మీద అరిచాను, తర్వాత క్షమించమన్నాను. నా జీవితంలో ఇది రెండోసారో మూడోసారో.

నిన్ను చూడటానికి మొన్న వచ్చాను కదా. బస్సు మారి, వాన పడుతుంటే వచ్చాను. గుమ్మంలో నన్ను చూడగానే నువ్వు మొహం గోడవైపు తిప్పుకున్నావు. నేను కూర్చున్నాను. వాళ్ళు సూప్ తెచ్చి నీకు పట్టారు, నేను బయట నిలబడ్డాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నువ్వు తిరగలేదు. సరే, వదినా. పిలిచినప్పుడు రానిదాన్ని, పిలవనప్పుడు వచ్చాను. మొహం తిప్పుకునే హక్కు నీకుంది. నిన్ను ఇబ్బంది పెట్టను. ఇక రాను. ఉత్తరాలు మాత్రం రాస్తాను, వినడం ఇష్టం లేకపోతే చదివే ఆవిడకి చెయ్యి ఊపు, ఆపేస్తుంది.

ఇక్కడ అంతా బాగుంది. నీళ్ళు వేడిగా వస్తాయి. అందరూ నీ గురించి అడుగుతారు.

మిలోయ్కా

~

పోస్తోయ్నా,
ఏప్రిల్ 26

మిలోయ్కా

ఎడమ చేత్తో. నేర్చుకున్నా. నాలుగు రోజులు పట్టింది ఈ కాగితం.

కోపం కాదు. నోరు పక్కకి పోయింది. ఎంగిలి కారుతుంది. నువ్వు చూడొద్దని తిరిగా. నువ్వు వెళ్ళాక పిలిచా. మాట రాలేదు.

ఇక్కడ మంచివాళ్ళే. అల్బీనా గారూ అంటారు. వదినా అనేవాళ్ళు లేరు.

రా. తట్టొద్దు. తోసుకుని రా.